వరస తెలిసిన తొమ్మిదిమంది

హుకుంపేట జీపుల స్టాండులో పొద్దున్న ఐదున్నరకి ఎవరో గొంతు చించుకుని అరుస్తుంటే కొత్తవాళ్ళు కంగారుపడతారు. పాతవాళ్ళు మాత్రం టీ గ్లాసు కింద పెట్టకుండానే "అహరోను గారి ఆట అవుతోందిలే" అంటారు. అంతే సంగతి. జీపు స్టీరింగుకి రబ్బరు బ్యాండుతో ఫోను కట్టుకుని, మంకీ క్యాపు చెవులదాకా లాక్కుని, యాభై రెండేళ్ళ అహరోను అమెరికాలో ఎక్కడో జరుగుతున్న బేస్‌బాల్ మ్యాచి చూస్తుంటాడు. వాళ్ళకి సాయంత్రమైతే మనకి తెల్లవారుజాము. జీపు నిండడానికి గంట పడుతుంది. సిగ్నలు ఆ స్టాండులో తప్ప చుట్టుపక్కల ఇంకెక్కడా నిలవదు. ఇంకేం కావాలి ఆ మనిషికి?

అతను అభిమానించేది నీలిటోపీల జట్టుని. అభిమానం అంటున్నాం గానీ, ఆ జట్టుని అతను తిట్టినంతగా శత్రువులు కూడా తిట్టి ఉండరు.

"ముగ్గురు కొట్టేటోల్ని తెచ్చినాడు, ముగ్గుర్ని! పట్టేటోడేడి? ఒరే నాయనా, జట్టు కట్టడం అంటే ఏటనుకున్నావురా!" అని ఫోనులో కనబడని జట్టు యజమానిని నిలదీస్తాడు. వెనక సీట్లో బుట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు "బాగా అడిగినావు బాబూ" అని వత్తాసు పలుకుతారు. వాళ్ళకి ఆట తెలియదు. కానీ ఎవరో పెద్దమనిషి గడ్డి తింటున్నాడని మాత్రం అర్థమవుతుంది, అది చాలు.

ఈ పిచ్చి అతనికి అంటించినవాడు లక్ష్మీప్రసాద్ మాష్టారు. విజయనగరం వైపు మనిషి, ఇక్కడి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆటల మాష్టారు. కబడ్డీకి జిల్లా అంతా పోటీ, బేస్‌బాల్‌కి దిగే బళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో దిగితే మన పిల్లలకి ఏదో ఒక పతకం దక్కుతుందని ఆయన ఎత్తు. పిల్లల్ని పోటీలకి తీసుకెళ్ళే జీపు అహరోనుది. ఆ పిల్లల్లో బంతి విసిరే పిల్ల అహరోను కూతురు సోఫియా. మొదటి ఏడాది జీపులో నిద్రపోయాడు. రెండో ఏడాది గట్టుమీద కూర్చుని చూశాడు. మూడో ఏటికల్లా మాష్టారిని పక్కకి పిలిచి, "మాష్టారూ, కోపం తెచ్చుకోకండి, ఆ మూడో నంబరులో కొట్టే గుంటని ఆరో నంబరుకి దించండి" అనే స్థితికి వచ్చాడు. మాష్టారు కోపం తెచ్చుకున్నారు. కానీ దించారు, పిల్లలు గెలిచారు, ఇక అహరోనుని పట్టేవాళ్ళు లేకపోయారు.

జట్టు కట్టడం మీద అతనికి లేని అభిప్రాయం లేదు. అన్నీ జీపులోంచే పుట్టాయి. పదిమంది ఎక్కే బండిలో పద్దెనిమిది మందిని కూర్చోబెట్టి, పైన రెండు మేకల్ని కట్టి, ఘాట్ రోడ్డు మలుపుల్లో పాతికేళ్ళు తిరిగినవాడు మరి. "బరువైనోలు నలుగురూ ఒకేపక్క కూకుంటే మలుపులో ఏటవుద్ది? కొట్టేటోలు నలుగురూ ఒకరెనకాల ఒకరు దిగితే అదే అవుద్ది" అంటాడు. స్టాండులో జీపులు సీరియల్ ప్రకారం కదులుతాయి. మొదటి బండి బేగి నిండే బండి కావాలి. అలాగే మొదట దిగేవాడు పెద్ద పెద్ద దెబ్బలు కొట్టనక్కర్లేదు, ఎలాగో ఒకలాగ మొదటి బేస్‌కి చేరితే చాలు. నాలుగోవాడు మాత్రం సాయంత్రం ఆఖరి ట్రిప్పు బండిలాంటివాడు. దారిలో నిలబడ్డ అందర్నీ ఎక్కించుకుని ఇంటికి చేర్చాలి. ఇక బంతిని మబ్బుల్లోకి లేపేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. "ఆకాశంలోకి కొట్టేటోడు నాకొద్దు. ఆకాశంలో మనకేటి పని?"

ఈ ఉపన్యాసాలన్నీ ఓపిగ్గా వినేది లోకంలో ఒక్కర్తే, సోఫియా. చదువైపోయి, పెళ్ళయి, పుట్టింట్లోనే ఉంది. సిరసపుట్టు కుర్రాడు రాబిన్‌ని అహరోను ఇల్లరికం తెచ్చుకున్నాడు. స్టాండు ఎదురుగా తల్లి సుజానా నడిపే టిఫిను బండి దగ్గర సోఫియా అట్లు పోస్తుంది. బేరం పలచబడగానే రెండు అట్లు ఆకులో పెట్టుకుని జీపు ముందు సీట్లోకి ఎక్కేసేది. తండ్రీ కూతుళ్ళు ఒకే ఆకులో తింటూ, ఒకే ఫోను చూస్తూ, ఒకే యజమానిని తిట్టేవాళ్ళు. అహరోనుకి రోజు మొత్తంలో తీపి గంట అదే.

అతని ఊరు లిమ్మగుడ. గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల సిరసపుట్టు. రెండు ఊళ్ళకీ కలిపి ఒకటే చర్చి, ఒకరే పాస్టరు గారు, డిసెంబరు మొదట్లో ఒకటే కోత పండుగ. మొదటి గుమ్మడికాయలూ ధాన్యమూ చర్చిలో అర్పించాక మధ్యాహ్నం రెండు ఊళ్ళ మధ్య ఆట. బడిలో పక్కన పడేసిన పాత బ్యాటూ నాలుగు గ్లవ్‌లూ మాష్టారిని అడిగి తెచ్చి, ఆ ఆటని బేస్‌బాల్ చేసినవాడు అహరోనే. కోసేసిన వరిమడే మైదానం. ఎడమపక్క నూనెగింజల వలిసె చేను పచ్చగా పూసి ఉంటుంది, అందులో బంతి పడితే వెతుక్కునేలోపు రెండు బేస్‌లు ఉచితం. మగవాళ్ళు సగంమంది పనులకి ఊరు దాటి ఉంటారు కాబట్టి ఆడా మగా కలిసే ఆడాలి, జట్టుకి తొమ్మిదిమంది. ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చాలు. బంతి కొట్టినవాడు మూడు బేస్‌లు చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే హోమ్‌కి చేరితే ఒక పరుగు. దారిలో ఉండగా బంతి పట్టుకున్నవాళ్ళు అతన్ని ముట్టుకుంటే అవుటు.

ఆ ముట్టుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

వరసగా రెండేళ్ళు లిమ్మగుడ ఓడింది. మూడో ఏడు, అంటే నిరుడు, గెలుపు చేతిదాకా వచ్చింది. ఆఖరి దెబ్బకి సిరసపుట్టు తరఫున రోనాల్డ్ మూడో బేస్ నుంచి హోమ్‌కి పరిగెత్తుతున్నాడు. దున్నపోతులాంటి మనిషి, ఆ జట్టుకి పెద్దదిక్కు. హోమ్ దగ్గర సోఫియా ఉంది, బంతి ఆమె చేతిలోనే ఉంది. చెయ్యి చాపితే అయిపోయేది. అహరోను గట్టుమీద నుంచి గంతులేస్తూ "ముట్టు! ముట్టవే! ముట్టవేటే!" అని కొండ మారుమోగేలా అరిచాడు. సోఫియా ఏం చేసింది? చున్నీ తలమీదకి లాక్కుని, పక్కకి తప్పుకుని, తల వంచుకుని నిలబడింది. రోనాల్డ్ ఆమె ముందునుంచి దర్జాగా దాటిపోయి హోమ్ తొక్కాడు. సిరసపుట్టు గెలిచింది.

"ఏటి సేసినావే! బంతి సేతిలో ఎట్టుకుని దారిత్తావేటి!" అని రెండు ఊళ్ళ జనం ముందూ కూతురి మీద విరుచుకుపడ్డాడు అహరోను.

సోఫియా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆయన మా ఆయన అన్న, నాన్నా" అంది.

జనంలో ఒక్కరంటే ఒక్కరు అహరోను పక్షం వహించలేదు. రోనాల్డ్ రాబిన్‌కి సొంత అన్న. సోఫియాకి బావగారు. ఆ ఊళ్ళలో తమ్ముడి భార్య బావగారిని ముట్టుకోదు, ఎదురుపడదు, పేరుపెట్టి పిలవదు. ఆయనా అంతే, ఆమె చేతికి ఏదీ అందించడు, ఆమెతో నేరుగా మాట్లాడడు. బాప్తిస్మాలు తీసుకుని మూడు తరాలు గడిచాయి, ఎన్నో వదిలేశారు గానీ ఈ మర్యాద మాత్రం వదల్లేదు. సుజానా అయితే మొగుణ్ణి అక్కడే కడిగేసింది: "గుంటని బావగారి ఒంటిమీద సెయ్యెయ్యమంటావేటయ్యా? నీకు ఆట పిచ్చి ముదిరిపోనాది."

పాస్టరు గారు మెత్తగా ఇంకో మాట అన్నారు. "అహరోను గారూ, కుర్రాళ్ళు వాలీబాల్ నెట్ కొనుక్కున్నారు. ఎప్పుడూ ఒకే ఊరు గెలిస్తే సంబరమేం ఉంటుంది? వచ్చే ఏడు కూడా లిమ్మగుడ ఓడితే ఆ తర్వాత నుంచి వాలీబాలే పెట్టుకుందాం." అందరూ చప్పట్లు కొట్టారు. అహరోను ఒక్కడే చేతులు కలపలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. పొద్దున్న సోఫియా అట్లు పోసింది, తండ్రి వాటా ఆకులో పెట్టి డ్రైవరు సీటు మీద పెట్టింది, వెనక్కి వెళ్ళిపోయింది. ముందు సీట్లోకి ఎక్కలేదు. ఏప్రిల్‌లో నీలిటోపీల ఆటలు మళ్ళీ మొదలైనా ఎక్కలేదు. "సూత్తావేటే?" అంటే "పనుంది" అనేది. మాట్లాడుతుంది, నవ్వుతుంది, ఆట ఊసు మాత్రం ఎత్తదు. అహరోను ఒక్కడే కూర్చుని తిడితే తిట్లలో కూడా రుచి లేకుండా పోయింది. తప్పు తనదేనేమో అని అనుమానం వచ్చినా, ఆ మాట పైకి అనడానికి ఆ మనిషికి నోరు పెగలదు. జట్టు గురించి రోజంతా మాట్లాడే నోరు ఇంట్లో ఒక్క మాట దగ్గర మూతపడుతుంది.

ఆగస్టులో ఒక శుక్రవారం జీపు అరకు సంతకి నిండుగా పోతోంది. దారిలో ఒకామె చెయ్యెత్తింది. ఎక్కబోయి, లోపలికి తొంగి చూసి, టక్కున కాలు వెనక్కి తీసుకుంది. లోపల బల్లమీద ఆమె బావగారు కూర్చున్నాడు. అహరోను వెనక్కి తిరిగి కూడా చూడకుండా, "నువ్వు ముందుకొచ్చి కూకో అమ్మా. ఒరే, నువ్వు దిగి ఎనక్కెల్లు. అత్తగారి పక్కన అల్లుడు కూకోడు గదా, నువ్వు పైకెక్కు" అని ముగ్గుర్ని అటూ ఇటూ మార్చి గేరు వేశాడు. పాతికేళ్ళుగా రోజూ చేసే పనే. పది గజాలు వెళ్ళాడో లేదో, కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. పైన మేకలు అరిచాయి. లోపల జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

"ఓలమ్మో! జీపులో తెలిసినోడికి మడిలో తెలీకపోనాదేటి!" అని నెత్తి కొట్టుకున్నాడు అహరోను.

ఆ రోజు నుంచి అతని జట్టు శాస్త్రం మొత్తం తిరగబడింది. చెయ్యి ఎవరిది గట్టి, కాలు ఎవరిది చురుకు అన్నవి రెండో మెట్టుకి దిగాయి. ఎవరు ఎవరిని ముట్టుకోవచ్చు అన్నది మొదటి మెట్టెక్కింది. రెండు ఊళ్ళ మధ్య పిల్లనివ్వని ఇల్లు లేదు, తెచ్చుకోని ఇల్లు లేదు. సిరసపుట్టు మనుషులు జీపెక్కితే చాలు, మొహమాటం లేకుండా అడగడం మొదలుపెట్టాడు. "నువ్వు మా రత్నకి ఏటవుతావు? వదినా? ఆడపడుచా? సరిగ్గా సెప్పు, తొందరేటీ లేదు." పాత కేలెండరు వెనక గీతలు గీసుకున్నాడు. నవంబరు వచ్చేసరికి ఆ కాగితం నిండా మావలూ అత్తలూ మరుదులూ. పెళ్ళి సంబంధాలు చూసే పేరయ్యకి కూడా అంత పరిజ్ఞానం ఉండదు.

కోత పండుగకి వారం ముందు చర్చి అరుగు మీద జట్టు చదివాడు. రెండో బేస్ దగ్గర రత్న. వినగానే జనం నవ్వారు, ఆమెకి బంతి పట్టడం కూడా సరిగా రాదు. "సిరసపుట్టుకి మొదట దిగేటోడు ఎవుడు? రత్న కొత్తల్లుడు. అత్తగారి ముందు వాడెలగ పరిగెడతాడో సూద్దాం" అన్నాడు అహరోను. నవ్వు ఆగింది. దూరంగా వలిసె చేను వైపు రాబిన్. హోమ్ దగ్గర కీపరుగా యర్రమ్మ. ఈసారి నవ్వడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. యర్రమ్మకి యాభై ఎనిమిదేళ్ళు, సంతలో చింతపండు అమ్ముతుంది, ఆమె నోరంటే పోలీసులకి కూడా హడల్.

"మరిదీ, నన్నేటి సెయ్యమంటావు?" అంది యర్రమ్మ. అహరోను పెదనాన్న కొడుకు భార్య ఆమె, వదిన వరస, అతన్ని ఏమైనా అనగలదు.

"కీపరు ఆటంతా గొంతుక్కూకోవాల వదినా. సంతలో పొద్దున్న కూకుంటే పొద్దెల్లేదాకా నువ్వు లెగవ్వు. మా కుర్రోలు పదినిమిషాలకే మోకాల్లంటారు. అదొకటి. రెండోది, రోనాల్డ్ నీకేటవుతాడు?"

"మా అన్న కొడుకు. ఆడి ముడ్డి కడిగిందాన్ని నానే."

"అయితే ముట్టొచ్చా?"

"ముట్టడమేటి, సెవి మెలెట్టీగల్ను" అంది యర్రమ్మ. అలా ఖాయమైంది.

మిగిలింది సోఫియా. కాగితంలో ఆమె పేరు బంతి విసిరే చోట ఉంది. విసిరేవాళ్ళు ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు. ఆ సంగతి చెప్పాలని ఇంట్లో మూడు రోజులు తచ్చాడాడు. చివరికి సుజానా విసుక్కుని, "నీ కాగితం నువ్వే ఇయ్యి, నా ఎనకాల తిరక్కు" అని పంపింది. సోఫియా కాగితం చూసింది. "నేను బావగారి దగ్గరికి పోను. అలగైతేనే ఆడతాను" అంది. "ఎల్లక్కర్లేదు. నిన్ను నడిమిట్లో ఎట్టినాను, ఆయన నీ దరిదాపులకి రాడు" అన్నాడు అహరోను. నిరుటి అరుపు గురించి ఒక్క మాటా అనలేదు. సోఫియా కూడా అడగలేదు.

ఆట రోజు రెండు ఊళ్ళూ మడిగట్ల మీదే ఉన్నాయి. అంపైరుగా లక్ష్మీప్రసాద్ మాష్టారు, చేతిలో రూల్సు పుస్తకం. ముందు కొట్టిన లిమ్మగుడ వంతు చప్పగా అయిపోయింది. తర్వాత సిరసపుట్టు మొదటి దెబ్బకే రత్న కొత్తల్లుడు బంతిని గట్టు దాకా కొట్టి మొదటి బేస్ తొక్కి, రెండో బేస్ వైపు దూసుకొచ్చాడు. ఎదురుగా అత్తగారు. పాపం ఆ కుర్రాడి కాళ్ళు తడబడ్డాయి. పరుగు నడక అయ్యింది, నడక ఆగిపోయింది, చేతులు వెనక్కి కట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వలిసె చేలోంచి రాబిన్ నింపాదిగా నడుచుకుంటూ వచ్చి బంతితో అతని భుజం తట్టాడు. లిమ్మగుడ గట్టు విరగబడి నవ్వింది. రత్న మాత్రం "పాపం, ఎండన పడి ఒచ్చినాడు, నీల్లియ్యండర్రా" అంది.

సిరసపుట్టువాళ్ళేం తక్కువ తినలేదు. లిమ్మగుడ వంతు మళ్ళీ వచ్చేసరికి వాళ్ళ మొదటి బేస్ దగ్గర ఎవరు నిలబడి ఉన్నారంటారు? సోఫియా అత్తగారు, రోనాల్డ్ రాబిన్‌ల తల్లి. సోఫియా మంచి దెబ్బ కొట్టి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆమెని చూసి, అలవాటు కొద్దీ ఆగి రెండు చేతులూ జోడించి "వందనాలు అత్తా" అంది. అత్తగారు "వందనాలు తల్లీ, అందరూ బాగున్నారా" అంటూనే బంతితో తలమీద ఆశీర్వదించింది. అవుట్! మాష్టారు పుస్తకం తిరగేసి తిరగేసి, "అత్తగార్ల గురించి ఇందులో ఏమీ లేదు" అని తేల్చారు. పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. వాలీబాల్ కుర్రాళ్ళు కూడా నెట్ సంగతి మర్చిపోయి గట్టెక్కేశారు.

అలా ఐదో ఇన్నింగ్స్ ఆఖరుకి వచ్చింది. అదే చివరిది. లిమ్మగుడ ఆరు, సిరసపుట్టు ఐదు. సమానమైతే నిరుడు గెలిచినవాళ్ళదే గెలుపని ముందే ఒప్పందం. ముగ్గురు అవుటైతే వంతు ముగుస్తుంది; సిరసపుట్టుకి ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్క అవుటు మిగిలింది. రెండో బేస్ మీద రోనాల్డ్ ఉన్నాడు. అహరోను గట్టు అంచుకి వచ్చేశాడు. తువ్వాలు కొస నములుతున్నాడు.

సోఫియా విసిరింది. దెబ్బ తగిలింది. బంతి రాబిన్ వైపు పోయింది. రోనాల్డ్ తల వంచుకుని మూడో బేస్ తొక్కి హోమ్ వైపు తిరిగాడు. రాబిన్ బంతి అందుకుని బలంకొద్దీ విసిరాడు గానీ అది యర్రమ్మకి నాలుగడుగులు దూరంగా వచ్చింది. యర్రమ్మ దానికోసం ఎగిరి, అందక, వరి దుబ్బుల్లో చతికిలపడింది. "ఓలమ్మ నా నడుం!" అని కేక. వెనకనుంచి పరిగెత్తుకొచ్చి ఆ బంతిని పట్టుకున్నది సోఫియా. హోమ్ దగ్గర ఆమె తప్ప ఇంకెవరూ లేరు. ఎదురుగా పది అడుగుల్లో బావగారు.

అచ్చం నిరుటిలాగే. అహరోను నోరు తెరిచాడు. అరుపు గొంతుదాకా వచ్చింది. అప్పుడు కూతురి మొహం కనిపించింది. నిరుడు ఇదే చోట ఆ మొహం ఎలా వాడిపోయిందో, ఆ తర్వాత ఏడాదంతా ముందు సీటు ఎలా ఖాళీగా ఉందో కళ్ళముందు మెదిలింది. పోనీ ఆట, వాలీబాలే కానీ అనుకున్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

సోఫియా చున్నీ తలమీదకి లాక్కుంది. మర్యాదగా బావగారికి వీపు తిప్పింది. హోమ్‌గా పరిచిన గోనెసంచి మీద ఆ మూలనుంచి ఈ మూలదాకా సర్దుకుని, బంతి ఒళ్ళో పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

రోనాల్డ్ పరుగు అక్కడికక్కడ ఆగిపోయింది. గోనెసంచి తొక్కాలంటే మరదల్ని తగలాలి. మరదలు ఆయన్ని ముట్టకూడదు సరే, ఆయన మరదల్ని ముట్టొచ్చా? అడుగు ముందుకి వేశాడు, వెనక్కి తీసుకున్నాడు. కుడిపక్కకి వంగి చూశాడు, సంచి అంగుళం కూడా కనబడలేదు. వెనక్కి పోదామంటే మూడో బేస్ మీద వాళ్ళ మనిషే వచ్చి నిలబడి "ఎల్లన్నా ఎల్లు" అంటున్నాడు. ఆ కొండంత మనిషి మూడడుగుల దూరంలో చేతులు నలుపుకుంటూ, తల వంచుకుని నిలబడిపోయాడు.

"మాష్టారూ, దారికడ్డంగా కూకోవచ్చా?" అని సిరసపుట్టు గట్టు అరిచింది.

"బంతి చేతిలో ఉంటే అడ్డం ఉండొచ్చు!" అన్నారు లక్ష్మీప్రసాద్ మాష్టారు. ఈసారి పుస్తకం తెరవనే లేదు.

అప్పుడు లేచింది యర్రమ్మ. నడుం పట్టుకుని, చీరకి అంటిన గడ్డి దులుపుకుని, ముడి సర్దుకుని, ఎక్కడా తొందరపడకుండా కుంటుకుంటూ వచ్చింది. సోఫియా ఒళ్ళోంచి బంతి తీసుకుంది. "ఏరా గుంటడా, అలగ నిలబడ్డావేటి, ఆకలేత్తందా?" అంటూ మేనల్లుడి వీపుమీద బంతితో ఒక్కటి చరిచింది. ఆ చప్పుడు రెండు గట్లకీ వినబడింది.

ఆ తర్వాత ఎవరు ఏ జట్టో తెలియలేదు. డప్పులు మోగాయి. రెండు ఊళ్ళూ చేతులు పట్టుకుని మడిలో థింసా వేశాయి. పాస్టరు గారు మైకు పట్టుకుని, వచ్చే ఏడు కూడా బేస్‌బాలేనని, తాను కూడా ఆడతానని, ఏ చోటిచ్చినా అభ్యంతరం లేదని చెప్పారు. రోనాల్డ్ తమ్ముణ్ణి పక్కకి లాగి, సోఫియాకి వినబడేంత గట్టిగా, "ఒరే రాబినూ, మీ ఇంటావిడికి సెప్పు, శానా బాగా ఆడిందని" అన్నాడు. సోఫియా చెట్టుకేసి తిరిగి, రాబిన్‌తో, "మీ అన్నయ్య గారు కూడా బాగా నిలబడ్డారని సెప్పు" అంది. రోనాల్డ్ పకపకా నవ్వాడు.

చీకటి పడకముందే జీపులో అందర్నీ ఎక్కించాడు అహరోను. సిరసపుట్టువాళ్ళని కూడా, ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో చూసుకుని మరీ ఎక్కించాడు. ముందు తలుపు తెరుచుకుంది. సోఫియా ఎక్కి కూర్చుంది. ఏడాది తర్వాత కూతురు పక్కన కూర్చుంటే అతనికి కళ్ళు చెమర్చాయి. తాళం చెవి తిప్పడం కూడా మర్చిపోయాడు.

"ఒలే సోఫీ, అలగ కూకోవాలని ఎప్పుడు తట్టినాదే నీకు? నా కాగితంలో లేదు గదా" అన్నాడు.

"నిరుడే తట్టింది నాన్నా" అంది సోఫియా. "బంతి సేతికి రాగానే కూకుందామనే అనుకున్నాను. నువ్వు ముట్టు ముట్టు అని అరుత్తుంటే బుర్ర పనిసెయ్యలేదు."

అహరోను తాళం చెవి మీంచి చెయ్యి తీసేశాడు. వెనక పద్దెనిమిది మందీ మెడలు ముందుకి చాపారు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. అంటే అనేశాడు, ఏమీ కాలేదు, గుండె తేలికపడింది. "వచ్చే ఏడు జట్టు నువ్వే రాయి."

"రాస్తాను" అంది సోఫియా. "ముందు నీ సోటే రాస్తాను. గెడ్డకి అవతల, ఇనబడనంత దూరంలో."

జీపంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది అహరోనే.